చవక క్వార్టర్‌లో ఏముంటుంది? ఓరుగల్లు వైన్స్ కౌంటర్ ముందు కొన్ని లెక్కలు

దసరా ముందు హన్మకొండలోనో కాజీపేటలోనో ఏ వైన్స్ ముందు నిలబడ్డా ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నా, తక్కువల మంచిది ఏమున్నది?" జాలీ వెనక ఉన్న పిల్లగాడు వెనక్కి తిరిగి ఒక సీసా తీసి పెడతాడు. అది మంచిదని ఇచ్చాడా, స్టాక్ కదలడం లేదని ఇచ్చాడా అడిగే తీరిక ఉండదు. వెనక నుంచి లైన్ తోస్తుంటుంది.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు ఉంది. తక్కువ డబ్బులో విస్కీ కొనడం కన్నా రమ్ము కొనడం తెలివైన పని, ఆ తర్వాత వోడ్కా. విస్కీయే కావాలనుకుంటే చవక మెట్టు మీదో, రెండు మెట్లు పైనో ఆగాలి. మధ్యలో ఆగితే డబ్బు ఎక్కువగా లేబుల్‌కే పోతుంది. ఇది ఎందుకో తెలియాలంటే సీసా మీది ధర ఎలా తయారవుతుందో, సీసా లోపల ఏముందో చూడాలి. తాగనివాళ్లను తాగమనడానికి రాస్తున్నది కాదు ఇది. ఎలాగూ కొనేవాళ్లకు తమ డబ్బు దేనికి పోతోందో తెలియాలి కదా.

ధర ఎక్కడ పుడుతుంది

తెలంగాణలో మద్యం టోకు వ్యాపారం మొత్తం ప్రభుత్వ సంస్థ అయిన బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. డిస్టిలరీ ఎవరిదైనా సరుకు ముందు కార్పొరేషన్ డిపోకి చేరాలి. లైసెన్స్ ఉన్న షాపులవాళ్లు అక్కడి నుంచే ఎత్తుకోవాలి. కంపెనీకి ఎంత చెల్లించాలో కూడా అక్కడే ఖరారవుతుంది. దాని మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్, సెస్, షాపు మార్జిన్ పడతాయి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, కాబట్టి రేట్లు రాష్ట్రం ఇష్టం. ఎమ్మార్పీలో సగానికి పైగా పన్నులే. గాజు సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, లారీ కిరాయి కూడా తీసేస్తే చవక క్వార్టర్‌లో అసలు ద్రవానికి మిగిలేది చాలా కొద్ది.

రేటు పెరిగినప్పుడు కూడా కారణం సీసా లోపల ఉండకపోవచ్చు. 2025 ఫిబ్రవరిలో కంపెనీలకు చెల్లించే ధర 15 శాతం పెంచితే బీరు రేటు పెరిగింది. అదే ఏడాది మే నెలలో లిక్కర్ మీద సెస్ వేస్తే క్వార్టర్‌కు 10, హాఫ్‌కు 20, ఫుల్‌కు 40 రూపాయలు పెరిగాయి. సరుకు అదే, రుచి అదే.

షాపు యజమాని వైపు కూడా చూడాలి. రాష్ట్రంలో 2,620 షాపులు ఉన్నాయి, వాటిని లాటరీలో కేటాయిస్తారు. 2025లో ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు కట్టాల్సి వచ్చింది, లాటరీ తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దాదాపు 95 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్మకముందే 2,800 కోట్లకు పైగా ప్రభుత్వానికి చేరింది. లాటరీ తగిలినవాడు ఆ పైన లైసెన్స్ ఫీజు కట్టి, పెట్టింది రెండేళ్లలో రాబట్టుకోవాలి. అందుకని ఏది వేగంగా పోతుందో అదే అరల్లో నింపుతాడు. మీరు అడిగిన రమ్ము "లేదు" అంటే ఆ ఊళ్లో దాన్ని అడిగేవాళ్లు తక్కువ అని అర్థం. ఊరికే నాలుగు షాపులు తిరిగే బదులు స్టాక్ ఎక్కువగా పెట్టే పెద్ద షాపుకు పోతే దొరికే అవకాశం ఉంటుంది.

ఎమ్మార్పీ రాష్ట్రమంతా ఒకటే. వరంగల్ చౌరస్తాలో ఉన్నదే భూపాలపల్లిలోనూ ఆదిలాబాద్‌లోనూ ఉంటుంది. కాబట్టి చవకగా అమ్మే షాపు అంటూ ఉండదు, బేరం ఉండదు. ఎక్కువకు అమ్మే చోట్లు మాత్రం ఉంటాయి. బార్‌లో పెగ్గు లెక్కన పోస్తే ఖర్చు ఎక్కడికో పోతుంది. ఊళ్లల్లో బెల్టు షాపు ప్రతి సీసా మీదా అదనంగా తీసుకుంటుంది. పైగా దానికి అసలు లైసెన్సే లేదు కాబట్టి కల్తీ అయినా అడిగే దిక్కుండదు. కూర్చొని తాగాలనుకుంటే వైన్స్ పక్కనున్న పర్మిట్ రూమ్‌లో సీసా ఎమ్మార్పీకే వస్తుంది. అక్కడ జేబుకు చిల్లు పెట్టేది స్టఫ్, అంటే మందులో నంజుకునే తిండి.

సైజుల లెక్క

క్వార్టర్ 180 మి.లీ., హాఫ్ 375, ఫుల్ 750. ఏడొందల యాభైని నాలుగుతో భాగిస్తే 187.5 రావాలి, సీసాలో ఉండేది మాత్రం 180. నాలుగు క్వార్టర్లు కలిపితే 720 మి.లీ., అంటే ఫుల్ కన్నా సరిగ్గా ఒక చిన్న పెగ్గు తక్కువ. రెండు హాఫ్‌లు కలిపితే మాత్రం లెక్క సరిపోతుంది. నలుగురు కలిసి తాగేటప్పుడు తలా ఒక క్వార్టర్ కొనుక్కోవడం కన్నా ఒక ఫుల్ తెచ్చుకుంటే ఆ పెగ్గు మిగులుతుంది. ఒంటరిగా తాగేవాడికి ఈ సలహా పనికిరాదు. ఇంట్లో ఫుల్ ఉంటే అది ఫుల్‌గా ఎక్కువ రోజులు ఉండదు. అలాంటివాళ్లకు క్వార్టరే పొదుపు.

సీసా మీద "75 డిగ్రీ ప్రూఫ్, 25 యూపీ, 42.8 శాతం" అని ఉంటుంది. ఇది బ్రిటిష్ కాలపు కొలత. ఆ లెక్కలో వంద ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాల్, అందులో ముప్పావు వంతు 42.8. యూపీ అంటే వంద ప్రూఫ్ కన్నా ఎంత తక్కువో చెప్పే అంకె. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అన్నిటికన్నా చవక విస్కీలోనూ, దానికి నాలుగు రెట్లు ధర పలికే విస్కీలోనూ ఈ అంకె ఒకటే. "పెద్ద బ్రాండ్ కిక్కు వేరు" అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు లేబుల్ మీదే ఉంది. ఎక్కువ డబ్బు పెడితే వాసన, రుచి, గొంతులో దిగే తీరు మారతాయి. మత్తు మాత్రం అంతే.

ఇక బీరు సంగతి. 30 మి.లీ. చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఉంటే అది 52 మి.లీ., అంటే 41 గ్రాములు. ఒక్క సీసా నాలుగు పెగ్గులతో సమానం. అయిదు శాతం లైట్ బీరు రెండున్నర పెగ్గులు. "బీరే కదా, బండి నడుపుత" అన్నప్పుడు ఈ లెక్క గుర్తుకు రావాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వంద మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. స్ట్రాంగ్ బీరు ఒకటి లాగించినవాడు మామూలుగా ఆ గీత దాటేస్తాడు. ఇంకో సంగతి, రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మడం నేరం.

డబ్బు కోణంలో చూస్తే క్వార్టర్‌లో 77 మి.లీ. ఆల్కహాల్, స్ట్రాంగ్ బీరులో 52, లైట్‌లో 32. క్వార్టర్‌కూ బీరుకూ దగ్గర దగ్గర అదే ధర పెడుతున్నప్పుడు బీరు ఖరీదైన అలవాటని తెలుస్తూనే ఉంది. అయినా ఎండాకాలం రామగుండంలో 45 డిగ్రీల్లో ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు. బీరులో మనం కొనేది చల్లదనం. దాని విషయంలో ఒకటే సలహా: తారీకు చూడండి. బీరు పాతబడితే అట్ట వాసన వస్తుంది. సంగారెడ్డి వైపు బ్రూవరీల నుంచి మన షాపులకు దారి దగ్గరే, పైగా తెలంగాణలో బీరు అమ్మకం ఎక్కువ. కాబట్టి గిరాకీ ఉన్న షాపులో సరుకు తాజాగానే ఉంటుంది. అరుదుగా పోయే ఖరీదైన విదేశీ బీరు నెలల తరబడి ఉండిపోయి ఉండొచ్చు, ఎక్కువ డబ్బు పెట్టి పాత బీరు తాగినట్టవుతుంది.

సీసా లోపల

మన చవక విస్కీ, బ్రాందీ, వోడ్కా, జిన్ను అన్నిటికీ తల్లి సరుకు ఒకటే. దాన్ని ఈఎన్ఏ అంటారు, అంటే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. 96 శాతం దాకా శుద్ధి చేసిన, రుచీ వాసనా దాదాపు లేని స్పిరిట్. దీన్ని రెండు దారుల్లో తీస్తారు. ఒకటి, చక్కెర తీశాక మిగిలే నల్లటి మొలాసిస్ నుంచి. 1937లో మొదలై 2015లో మూతపడ్డ బోధన్ నిజాం షుగర్స్ లాంటి ఫ్యాక్టరీల్లో మిగిలేది అదే. రెండు, ధాన్యం నుంచి, ముఖ్యంగా నూకల నుంచి. వరి విపరీతంగా పండే మన వైపు నూకలకు కొదవ లేదు.

ఈ స్పిరిట్‌కు నీళ్లు కలిపి 42.8 శాతానికి దించి, కారమెల్ రంగు వేసి, కొంచెం మాల్ట్ స్పిరిట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసేది) కలిపితే చవక విస్కీ. కొద్ది పాళ్లలో ద్రాక్ష స్పిరిట్ కలిపితే చవక బ్రాందీ. యూరప్‌లో విస్కీ అనిపించుకోవాలంటే ధాన్యం నుంచే తీయాలి, చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచాలి. మొలాసిస్ నుంచి తీసినదాన్ని అక్కడ విస్కీ పేరుతో అమ్మనివ్వరు. మన దగ్గర ఆ మూడేళ్ల నిబంధన లేదు. పీపాల్లో ఉంచడం మన దేశంలో ఖర్చుతో కూడిన పని కూడా. స్కాట్లండ్‌లో ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతే, బెంగళూరు లాంటి చోట పది శాతం పైనే పోతుంది. ఆ నష్టం భరించి అయిదారేళ్లు దాచినదాన్ని చవక క్వార్టర్‌లో పోసి అమ్మడం కుదరదు.

రమ్ము కథ వేరు. అసలు రమ్ము పుట్టిందే చెరకు నుంచి, మొలాసిస్ నుంచి. మిగతా వాటికి రాజీ సరుకు అయిన మొలాసిస్ రమ్ముకు అసలు సరుకు. అందుకే అదే డబ్బుకు విస్కీ వేరేదాని వేషం వేసుకుని వస్తుంది, రమ్ము తన మొహంతోనే వస్తుంది. 1954 నుంచి ఉన్న ఓల్డ్ మంక్ ఏడేళ్లు పీపాల్లో నిల్వ ఉంచిందని చెబుతారు. ఆ ధరలో అలాంటి మాట చెప్పే విస్కీ అరల్లో కనిపించదు. చవక రమ్ముల్లోనూ తేడాలున్నాయి, కొన్నిటికి తియ్యదనం ఎక్కువ. వాటిలో థమ్సప్ పోస్తే పానకం అవుతుంది, గోరువెచ్చని నీళ్లు, నిమ్మచెక్క చాలు. "రమ్ము వేడి, చలికాలం మందు" అనే మాట పట్టుకుని మనవాళ్లు దాన్ని వదిలేస్తారు. ఒంట్లో వేడి పుట్టినట్టు అనిపించడం ఏ ఆల్కహాల్ తాగినా జరిగేదే, చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పై అలా అనిపిస్తుంది. రమ్ముకు ప్రత్యేకంగా వేడి లేదు.

వోడ్కాది ఇంకో రకం నిజాయితీ. అది రుచి లేకుండా ఉండాల్సిన సరుకే కాబట్టి ఈఎన్ఏ శుభ్రంగా ఉంటే పని అయిపోయినట్టే. మన దేశంలో బాగా అమ్ముడయ్యే మ్యాజిక్ మూమెంట్స్ ధాన్యపు స్పిరిట్‌తో చేసిందే. దాని మీద మూడు నాలుగు రెట్లు పెట్టి విదేశీ వోడ్కా కొని, నిమ్మరసమూ సోడా కలిపాక తేడా చెప్పగలిగినవాళ్లు అరుదు. ఎర్రటి మందుల కన్నా తెల్లటి వాటిలో తలనొప్పికి దోహదం చేసే ఇతర పదార్థాలు తక్కువ ఉంటాయన్నది కూడా నిజం. కానీ పొద్దున తల పగిలిపోవడానికి మొదటి కారణం రాత్రి ఎంత తాగాం అన్నదే. చవకది తాగి తలనొప్పి వచ్చిందని బ్రాండును తిట్టేముందు పెగ్గులు లెక్కపెట్టుకోవాలి.

బ్రాందీ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు నా మాట నచ్చదని తెలుసు. "జలుబుకు మంచిది" అని ఇంట్లో దాచిపెట్టే ఆ సీసాలో ద్రాక్ష పాలు తక్కువే. కొనేముందు లేబుల్‌లో సన్నటి అక్షరాలు చదవండి. ద్రాక్ష స్పిరిట్ గురించి స్పష్టంగా రాసినదానికి పది ఇరవై ఎక్కువ పెట్టినా పెట్టొచ్చు.

విస్కీయే కావాలంటే

లేబుల్ మీద మూడు మాటలు వెతకాలి. "గ్రెయిన్ స్పిరిట్" అని ఉంటే మొలాసిస్ కాదు, ధాన్యం. "స్కాచ్ మాల్ట్‌తో బ్లెండ్" అని ఉంటే కొంత అసలు మాల్ట్ కలిసింది, ఎంత అన్నది సాధారణంగా చెప్పరు. "ఫ్లేవర్" అన్న మాట కనిపిస్తే వాసన విడిగా పోసిందన్నమాట. రాయల్ స్టాగ్ తరగతిలో ధాన్యపు స్పిరిట్, స్కాచ్ మాల్ట్ కలిసి ఉంటాయి. చవక విస్కీల్లో నేను ఆగే మెట్టు అదే.

దాని పైన ప్రీమియం, డీలక్స్, రిజర్వ్ అని నగిషీ మూతలతో వచ్చే దేశీ విస్కీలున్నాయి. ఇక్కడే డబ్బు వృథా అయ్యేది. ఈఎన్ఏ వాటా అక్కడా పెద్దదే. ఇంకొంచెం కూడబెట్టుకుంటే మన దేశంలో సీసాల్లో నింపే స్కాచ్ వస్తుంది. వ్యాట్ 69, బ్లాక్ అండ్ వైట్, హండ్రెడ్ పైపర్స్, టీచర్స్ లాంటివి. వీటిని సీసాల్లో నింపకుండానే పెద్దమొత్తంలో స్కాట్లండ్ నుంచి దిగుమతి చేసుకుని ఇక్కడ నీళ్లతో పలచన చేసి నింపుతారు. అందులో ఈఎన్ఏ కలవదు, కనీసం మూడేళ్లు పీపాలో ఉన్న సరుకే. నింపడం ఇక్కడే కాబట్టి అక్కడే సీసాల్లో నింపి తెచ్చినదాని కన్నా చవక. నెలకు నాలుగు క్వార్టర్లు ప్రీమియం దేశీ విస్కీ కొనేవాళ్లు రెండుకు తగ్గించుకుని ఈ రకం కొంటే జేబుకూ కాలేయానికీ రెండిటికీ తేలిక.

స్కాచ్ సగం ధరకు వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం దిగుమతి సుంకం 150 శాతం నుంచి 75కి, పదేళ్లలో 40కి దిగాలి. కానీ ఆ సుంకం సీసా ధరలో ఒక ముక్క మాత్రమే, రాష్ట్ర పన్నులు ఎక్కడివక్కడే ఉంటాయి.

వైన్ తాగాలనిపిస్తే

వరంగల్‌లో అసలు ద్రాక్ష వైన్ కొనడం కొంచెం ఓపిక పని. చాలా షాపుల్లో పై అర మీద దుమ్ము పట్టిన నాలుగు సీసాలుంటాయి, అంతే. లిక్కర్‌కు వేడి తగిలినా పెద్దగా ఏమీ కాదు. వైన్ మాత్రం వేడికి ఉడికిపోతుంది, పండు వాసన పోయి పుల్లటి జామ్ వాసన మిగులుతుంది. ఏప్రిల్, మే నెలలు ఏసీ లేని షాపులో గడిపిన సీసా ఎంత మంచి కంపెనీదైనా అనవసరం. అందుకని వెనక లేబుల్ మీద ఏడాది, నింపిన తారీకు చూసి వీలైనంత కొత్తది తీసుకోవాలి. ఫ్రిజ్‌లో ఉన్న తెల్ల వైన్ ఉంటే అదే మేలు. మరమూత సీసాను చూసి చవకబారు అనుకోవద్దు, మన ఎండలకు బిరడా కన్నా అదే నయం. డిసెంబరు, జనవరి కొనడానికి మంచి కాలం.

నాసిక్ సూలా, అక్లూజ్ ఫ్రతెల్లీ, నంది కొండల దగ్గరి గ్రోవర్ లాంటి దేశీ వైన్లలో కింది తరగతి సీసాలు చాలు. దిగుమతి వైన్ మీద సుంకం పోగా అదే ధరలో మిగిలే నాణ్యత తక్కువ. మన కారాలకు చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ బాగా పోతుంది, కొద్దిపాటి తీపి ఉండటంతో నాటుకోడి కూరను తట్టుకుంటుంది. మటన్‌కు షిరాజ్ అనే ఎర్ర వైన్. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్న మాట చల్లటి దేశాలది, ఇక్కడ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. తెరిచాక నాలుగు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే మిగిలింది పులుసులో పోసుకోవచ్చు. తియ్యటి పోర్ట్ రకం చవక వైన్లు మొదటిసారి తాగేవాళ్లకు నచ్చుతాయి. వాటిలో చక్కెర ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

ధర సంగతికొస్తే, 12 శాతం వైన్ ఫుల్ సీసాలో 90 మి.లీ. ఆల్కహాల్, అంటే ఏడు చిన్న పెగ్గులు. ఇద్దరు ఒక సాయంత్రం తాగడానికి సరిపోతుంది. అలా పంచుకుంటే అనుకున్నంత ఖరీదేమీ కాదు.

మరీ చవకగా దొరికేవి

కాజీపేట, రామగుండం, మంచిర్యాల మీదుగా ఢిల్లీ రైళ్లు పోతాయి. ఆ బ్యాగుల్లో వచ్చే సీసాలు, "మిలిటరీ సరుకు" అని చెప్పి చేతులు మారేవి ఎమ్మార్పీ కన్నా బాగా తక్కువకు దొరుకుతాయి. తెలంగాణ పన్ను కట్టని సరుకు దగ్గర పెట్టుకుంటే కేసు కొన్నవాడి మీద కూడా పడుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఖాళీ ఖరీదు సీసాలో చవక మందు నింపి అమ్మడం ఈ మార్గంలోనే సులువు. మూత మీద రాష్ట్ర ఎక్సైజ్ హోలోగ్రామ్ లేని సీసా ముట్టకపోవడమే మేలు. ఆదిలాబాద్ వైపు మహారాష్ట్ర దేశీదారు కూడా ఇలాగే వస్తుంది. సరిహద్దు వ్యాపారం ఒక్క వైపే నడవదు. అవతల గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015 నుంచి 2021 దాకా ఉంది. నిషేధం ఉన్న చోటికి ఇటు నుంచి సీసాలు పోతాయి, పన్ను తేడా ఉన్న చోటి నుంచి ఇటు వస్తాయి.

గుడుంబా గురించి చెప్పడానికి ఏమీ లేదు, తాగొద్దు.

కల్లు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఉత్తర తెలంగాణలో చవకగా దొరికే అసలైన మంచి పానీయం అదే. పన్ను తక్కువ, లేబుల్ లేదు, కంపెనీ లేదు. చెట్టు నుంచి దింపిన కొన్ని గంటల్లోనే పులిసి నాలుగైదు శాతం ఆల్కహాల్ దాకా వస్తుంది, సాయంత్రానికి పుల్లగా మారుతుంది. అలా మారడమే అది అసలు కల్లు అనడానికి గుర్తు. చిక్కంతా పట్నం కల్లు దుకాణాల్లో ఉంది. అక్కడ గిరాకీకి సరిపడా చెట్లు లేవు. నీళ్లు, తీపి, క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలం కలిపి తయారు చేసేది కల్లు కాదు, నిద్రమాత్రల నీళ్లు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఇది ఎన్నో ఏళ్ల గోస. అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా ప్రవర్తిస్తారు. అలాంటివాళ్లను ఇంట్లో కట్టడి చేసే బదులు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

కాబట్టి కల్లు తాగాలంటే చెట్టు దగ్గరికే పోవాలి. పాలకుర్తి, నర్సంపేట, పరకాల వైపు తాళ్లున్న ఊళ్లకు పొద్దున్నే పోతే గౌడన్న లొట్టి దింపి మీ ముందే రేకలో పోస్తాడు. పైన తేనెటీగలు, చీమలు తేలుతుంటే భయపడక్కర్లేదు, వడగట్టి ఇస్తాడు. ఎండ ఎక్కాక పోతే పులుపు ఎక్కువవుతుంది. రోజూ తీసుకునేవాళ్లకు ముందు పోసి, మిగిలితేనే కొత్తవాళ్లకు ఇస్తాడు. అందుకని ముందురోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి.